నాన్న అడిగింది షాట్ గురించి కాదు

మా నాన్న కుడిచేత్తో తల దువ్వుకోవడం ఎప్పుడు మానేశాడో నాకు తెలీదు. దసరాకి ఇంటికెళ్ళినప్పుడు చూశాను. అద్దం ముందు నిలబడి, ఎడమచేత్తో, చిన్నపిల్లాడు కొత్తగా నేర్చుకుంటున్నట్టు దువ్వెన పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి దువ్వెన జేబులో పెట్టేశాడు.

"ఏంది నాన్నా అది?"

"ఏం లేదులేరా. జబ్బ పట్టేసింది."

ఈ పట్టేయడం వయసు ఎంతో ఆ రాత్రి అమ్మ చెప్పింది. మూడు నెలల నుంచి మంచం మీద నిద్ర లేదట. పడక కుర్చీలో వాలి, కుడిచెయ్యి కింద దిండు పెట్టుకుని కూర్చుంటాడట. తెల్లవారుజామున కాస్త కన్ను మూతపడుతుందట. "మరి నాకెందుకు చెప్పలేదమ్మా?" అంటే, "నీకు చెబితే ఆడ నువ్వు నిద్రపోవని వద్దన్నారు" అంది. వారానికి నాలుగుసార్లు వీడియో కాల్ మాట్లాడే మనిషిని నేను. ఫోన్ ఎప్పుడూ ఎడమచేతిలోనే ఎందుకుంటుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

మాది గురజాల దగ్గర పల్లె. నాన్న జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పీఈటీగా చేసి 2019లో రిటైరయ్యాడు. ఇప్పుడు 66. ఊళ్ళో ఎవరిని అడిగినా "డ్రిల్లు మాస్టారి ఇల్లు" అనే చూపిస్తారు. వాలీబాల్ ఆయనకి ఉద్యోగం కాదు, అలవాటు. రిటైరయ్యాక కూడా సాయంత్రం ఐదింటికి స్కూలు గ్రౌండ్‌లో ఉండేవాడు. పిడుగురాళ్ళ సున్నంతో గీసిన కోర్టు, రెండు వైపులా సగం వయసు కుర్రాళ్ళు, నెట్ దగ్గర ఈయన. మగవాళ్ళ నెట్ ఎత్తు 2.43 మీటర్లు. ఆ నెట్ మీద నుంచి 60 దాటాక కూడా షాట్ దించేవాడంటే మా ఊరి కుర్రాళ్ళు ఇప్పటికీ పొంగిపోతూ చెబుతారు.

నేను ఆ గ్రౌండ్‌కి పెద్దగా వెళ్ళేవాణ్ణి కాదు. ఎంసెట్ పుస్తకాల్లో ఉండేవాణ్ణి. ఆటల మాస్టారి కొడుక్కి ఆట రాదని ఊళ్ళో ఒక జోక్ కూడా ఉండేది. ఆ బాకీ తీర్చుకోవడానికేమో, ఈ జబ్బ విషయం నేను భుజాన వేసుకున్నాను. (మాట అనుకోకుండా పడింది. ఉండనివ్వండి.)

ముందు లెక్క వేశాను. రోజుకి యాభై షాట్లు, ఏడాదికి మూడొందల రోజులు, ముప్ఫై ఏళ్ళు. నాలుగున్నర లక్షలు. సర్వీసులు కలపలేదు. ఏ మెషిన్‌కైనా మధ్యలో ఒక సర్వీసింగ్ ఉంటుంది. ఈయన చేయించిన సర్వీసింగల్లా మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అడగడం. నడివయసులో ఒకసారి ఆటలో భుజంలో ఏదో "టప్"మందట. రెండు వారాలు కట్టు కట్టుకుని, నొప్పి తగ్గగానే మళ్ళీ దిగాడు. అప్పుడు తెగిందేదో తెగింది. దాని బిల్లు ఇప్పుడు వచ్చింది.

గుంటూరులో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే, తర్వాత ఎంఆర్ఐ. డాక్టర్ గారు స్క్రీన్ మావైపు తిప్పి చూపించి చెప్పిన దాన్ని నా మాటల్లో చెబుతాను.

స్కూల్లో నిమ్మకాయ-చెంచా పరుగు ఆడారు కదా. మన భుజం అచ్చం అదే. చేతి ఎముక పైన ఉండే గుండు నిమ్మకాయ. దాన్ని పట్టుకునే గూడు చెంచా అంత లోతులేనిది. తుంటి కీలులాగా లోపలికి దిగబడి ఉండదు, అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది. మరి నిమ్మకాయ పడిపోకుండా ఎవరు పట్టుకుంటున్నారు? చుట్టూ నాలుగు కండరాలు, వాటి నరాల్లాంటి పట్టీలు. వీటినే రోటేటర్ కఫ్ అంటారు. నాన్న భుజంలో ఈ పట్టీలు తెగి, ఏళ్ళ తరబడి అలాగే ఉండి, వెనక్కి ముడుచుకుపోయి, కండరం కొవ్వుగా మారిపోయింది. ఇప్పుడు వాటిని లాగి కుట్టడానికి కూడా వీలు లేదు. పట్టుకునేవాళ్ళు లేక నిమ్మకాయ పైకి జరిగి, పైనున్న ఎముకకి రాసుకుంటూ అరిగిపోయింది. ఈ స్థితికి చార్లెస్ నీర్ అనే అమెరికన్ సర్జన్ బృందం 1983లో ఒక పేరు పెట్టింది: కఫ్ టేర్ ఆర్థ్రోపతీ. తెలుగులో చెప్పాలంటే, పట్టీలు తెగినందువల్ల పట్టుకున్న కీళ్ళ అరుగుదల.

"భుజం మార్చాలి" అన్నారు డాక్టర్.

నాన్న ఏమీ అనలేదు. ఎంఆర్ఐ కవర్ తీసుకుని బయటికి నడిచాడు. ఆ కవర్ కూడా ఎడమచేత్తోనే.

ఆ రాత్రి నుంచి నా పద్ధతిలో నేను దిగాను. స్ప్రెడ్‌షీట్ తెరిచాను. ఒక కాలమ్‌లో ఆపరేషన్, ఇంకో దాంట్లో ఫిజియోథెరపీ, ఇంకో దాంట్లో ఇంజెక్షన్లు, చివర్లో "ఏమీ చెయ్యకుండా ఉండటం". ఆఫీసులో ఏదైనా సిస్టమ్ మార్చేముందు మేం ఇదే చేస్తాం. ఇక్కడ తేడా ఏమిటంటే, మార్చాక నచ్చకపోతే పాతదానికి వెనక్కి వెళ్ళే దారి లేదు. తీసేసిన ఎముకని తిరిగి పెట్టలేరు.

చదివేకొద్దీ ఆసక్తికరమైన విషయాలే దొరికాయి. మొదటి భుజం మార్పిడి మొన్నమొన్నటిది కాదు. 1893లో పారిస్‌లో పేయాన్ అనే సర్జన్ చేశాడు. రోగి 37 ఏళ్ళ రొట్టెలు కాల్చే మనిషి, భుజం క్షయతో పాడైంది. ప్లాటినం, గట్టిపరచిన రబ్బరుతో చేసిన కీలు పెట్టారు. ఇది నాన్నకి చెప్పాను.

"మళ్ళీ పిండి పిసికాడా?"

"రెండేళ్ళకి చీము పట్టి తీసెయ్యాల్సొచ్చింది నాన్నా."

"మంచి కథ చెప్పావులే" అని అటు తిరిగాడు.

నాన్నకి చెప్పిన ఆపరేషన్ మామూలు మార్పిడి కాదు, రివర్స్ షోల్డర్ రీప్లేస్‌మెంట్. మామూలుదాంట్లో గుండు ఉన్నచోట లోహపు గుండు, గూడు ఉన్నచోట ప్లాస్టిక్ గూడు పెడతారు. కానీ పట్టుకునే పట్టీలు బాగుంటేనే అది నిలబడుతుంది. నాన్నకి అవే లేవు. అందుకని తిరగేస్తారు. గూడు ఉన్నచోట గుండు బిగిస్తారు, చేతి ఎముక పైన గూడు పెడతారు. చెంచాలో నిమ్మకాయ కాదు, నిమ్మకాయ మీద చెంచా. దీనివల్ల తిరిగే కేంద్రం కిందికీ లోపలికీ జరిగి, భుజం బయట టోపీలాగా ఉండే డెల్టాయిడ్ కండరానికి పట్టు పెరుగుతుంది. తెగిన నాలుగు కండరాల పనిలో పెద్ద భాగం, చెయ్యి పైకెత్తడం, అదొక్కటే చేస్తుంది. పడిపోయిన సర్వర్‌ని బాగుచెయ్యకుండా, లోడంతా పక్క సర్వర్‌కి మళ్ళించడం అన్నమాట. ఫ్రాన్స్‌లో పాల్ గ్రామాంట్ అనే సర్జన్ 1985లో ఈ పద్ధతికి రూపం ఇచ్చాడు. అమెరికాలో అనుమతి రావడానికి 2003 చివరిదాకా పట్టింది. అంటే నేను ప్రైమరీ స్కూల్లో ఉన్నప్పుడు.

ఈలోపు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో విషయం పొక్కింది. ఒక పిన్ని పుత్తూరు కట్టు వేయించమంది. నరసరావుపేటలో కూడా బోర్డు ఉందట. విరిగిన ఎముక సంగతి వేరు, అరిగిన కీలుకి కట్టు ఏం చేస్తుందని చెప్పడానికి నాకు ఒక ఆదివారం పట్టింది. ఒక మావయ్య "మోకాళ్ళు మార్పించుకుని మా ఆవిడ కోటప్పకొండ మెట్లెక్కింది, భుజమెంత?" అన్నాడు. ఇక్కడ ఒక్క మాట. మోకాలు వేరు, భుజం వేరు. మోకాలు మన బరువు మోస్తుంది, భుజం మన పరిధి మోస్తుంది. డబ్బు దగ్గర కూడా తేడా ఉంది. మోకాలి ఇంప్లాంట్లకి కేంద్రం 2017 ఆగస్టులో ధర పరిమితి పెట్టింది. ఆ ఉత్తర్వు మోకాళ్ళకే. అందుకే భుజానికి ఎస్టిమేట్ అడిగేటప్పుడు ఇంప్లాంట్ ఏ కంపెనీది, దాని ధరెంత, మిగతా ఖర్చెంత అని విడివిడిగా రాయించుకోండి. పెన్షనర్ల హెల్త్ కార్డులో ఎంతవరకు వస్తుందో కూడా నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి. నేను మొదటిసారి నోటిమాట నమ్మి, రెండోసారి వెళ్ళినప్పుడు వేరే అంకె విన్నాను.

అసలు సంగతికి వస్తాను. నా స్ప్రెడ్‌షీట్ ఆపరేషన్ వైపే మొగ్గింది. నాన్న మాత్రం ఊఁ అనడు, ఊహూఁ అనడు. భయపడుతున్నాడనుకున్నాను. ఆండీ ముర్రే వీడియో చూపించాను. 2019 జనవరిలో తుంటికి లోహపు కీలు వేయించుకుని, అదే ఏడాది అక్టోబర్‌లో ఆంట్‌వెర్ప్‌లో సింగిల్స్ టైటిల్ కొట్టాడు. నాన్న మొత్తం చూశాడు.

"తుంటితో షాట్ కొడతారా అబ్బాయ్?"

దాంతో నాకు అర్థమైందనుకున్నాను. ఆయన బాధంతా షాట్ గురించి. మళ్ళీ షాట్ కొట్టగలనని ఎవరైనా అంటే ఆపరేషన్‌కి ఒప్పుకుంటాడు, లేదంటే లేదు. కాబట్టి ఆ మాట అనే డాక్టర్ కోసం వెతికాను. ఇది నేను చేసిన తప్పు. అలా అనేవాళ్ళు దొరుకుతారు కూడా. ఫోన్‌లో ఒకాయన "ఆర్నెల్లలో అన్నీ ఆడేస్తారు" అన్నాడు. ఏం ఆడతారని కూడా అడగలేదు.

నవంబర్‌లో హైదరాబాద్ తీసుకొచ్చాను, రెండో అభిప్రాయం కోసం. గురజాల నుంచి బస్సు పొందుగల దగ్గర కృష్ణ దాటేదాకా నాన్న కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. దాటాక, "మీ అమ్మకి ఆరువారాలు నాకు చొక్కా తొడిగే పని పడుద్దంటగా" అన్నాడు. అంటే ఈయన కూడా చదువుతున్నాడు! నాకు తెలీకుండా యూట్యూబ్‌లో తెలుగు డాక్టర్ల వీడియోలు చూస్తున్నాడు.

ఈ డాక్టర్ గారు ముందు ఎంఆర్ఐ చూడలేదు. నాన్నని నిలబెట్టి చెయ్యి ఎత్తమన్నారు. ఛాతీ దాకా వచ్చి ఆగింది. తర్వాత భుజం టోపీ మీద వేలు పెట్టి కండరం బిగిస్తోందో లేదో చూశారు. డెల్టాయిడ్‌కీ, దానికి వెళ్ళే నరానికీ ప్రాణం లేకపోతే రివర్స్ పెట్టి ప్రయోజనం లేదట. ఆ తర్వాత అడిగిన ప్రశ్న: "రాత్రి నిద్ర పడుతోందా మాస్టారూ?"

నాన్న నావైపు చూసి, "లేదండీ" అన్నాడు. నా ముందు ఆ మాట ఒప్పుకోవడం అదే మొదటిసారి.

"ఈ ఆపరేషన్ నొప్పి కోసం చేయించుకోండి, నిద్ర కోసం చేయించుకోండి. షాట్ కోసమైతే వద్దు. షాట్ రాదు. వస్తుందని ఎవరన్నా నమ్మకండి" అన్నారు డాక్టర్.

నా గుండె జారింది. ఇక అయిపోయింది, తిరుగు బస్సెక్కడమే అనుకున్నాను. నాన్న మాత్రం నింపాదిగా కుర్చీలో ముందుకి జరిగాడు.

"షాట్ నేను రిటైరైన ఏడే మానేశానండీ. లిఫ్ట్ ఇయ్యగలనా?"

తెలియనివాళ్ళ కోసం: వాలీబాల్‌లో మొదటి దెబ్బ బంతిని ఆపడానికి, మూడోది షాట్. మధ్యలో రెండోది, రెండు చేతుల వేళ్ళతో నుదుటి దగ్గర బంతి అందుకుని, షాట్ కొట్టేవాడికి సరిగ్గా నెట్ పక్కన లేపి పెట్టడం. మా వైపు దాన్ని లిఫ్ట్ అంటారు. ఆరేళ్ళుగా నాన్న గ్రౌండ్‌లో చేస్తున్న పని అది. కుర్రాళ్ళు నాతో పొంగిపోతూ చెప్పిన షాట్లన్నీ పాతవి. నేను చూడటానికి వెళ్ళి ఉంటే తెలిసేది. ఆండీ ముర్రే వీడియోకి ఆయన అడిగిన ప్రశ్న నన్ను ఆటపట్టించడానికే తప్ప, ఆయన మనసులో ఉన్నది అది కాదు. మూడు వారాలు నేను తప్పు ప్రశ్నకి జవాబు వెతికాను.

డాక్టర్ గారికి వాలీబాల్ తెలుసు, అది మా అదృష్టం. బంతి బరువు 260 నుంచి 280 గ్రాములు, దానితో ఇబ్బంది లేదన్నారు. అంతా అనుకున్నట్టు నయమైతే ఆర్నెల్ల తర్వాత గోడకి బంతి వేసి మొదలుపెట్టొచ్చు, ఏడాదికి ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. చెయ్యి నుదుటి ఎత్తుకి రావడం చాలామందిలో జరిగేదే. పూర్తిగా నెత్తి మీదకి నిటారుగా రాకపోవచ్చు. "నా భయం బంతి కాదు మాస్టారూ, నేల. పడిపోయారంటే చెయ్యి ఆన్చుతారు. ఆన్చితే కీలు జారొచ్చు, లోహం చుట్టూ ఎముక విరగొచ్చు. అప్పుడు మళ్ళీ చెయ్యడం మొదటిదానికంటే కష్టం. డైవ్ వద్దు, బ్లాక్ వద్దు, కుర్రాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడే మ్యాచ్ అసలే వద్దు." ఒక్కచేత్తో బరువులు మాత్రం జీవితాంతం పది కిలోల లోపేనన్నారు. ఈ అంకె డాక్టర్‌ని బట్టి మారుతుంది, మీరు మీ డాక్టర్‌ని అడగండి.

ఎన్నాళ్ళు వస్తుందని నేను అడిగాను. ఇలాంటి కీళ్ళు పదింటిలో సుమారు తొమ్మిది పదేళ్ళ తర్వాత కూడా మళ్ళీ మార్చాల్సిన అవసరం లేకుండా ఉంటున్నాయట. 66 ఏళ్ళ మనిషికి అది మంచి అంకే. ఆగితే ఏమవుతుందన్నది నాన్న అడిగాడు. ఆగొచ్చు, ప్రాణానికేం కాదు. కానీ గూడు వైపు ఎముక అరుగుతూ పోతే రేపు గుండు బిగించడానికి చోటు తక్కువైపోతుంది. నా స్ప్రెడ్‌షీట్‌లో "ఏమీ చెయ్యకుండా ఉండటం" కాలమ్‌లో ఖర్చు సున్నా అని రాసి ఉంది. ఆ సాయంత్రం దాన్ని చెరిపేశాను.

ఇంకో ప్రశ్న కూడా అడిగాను, మొహమాటంగానే: "మీరు ఈ రివర్స్ ఆపరేషన్లు ఎన్ని చేస్తుంటారు సార్?" కోపం తెచ్చుకోలేదు. నెలకి మూడు నాలుగు అన్నారు. మోకాళ్ళు చేసే ప్రతి డాక్టరూ భుజాలు ఎక్కువగా చెయ్యరు. చేసిన అనుభవం ఫలితంలో కనబడుతుంది. అందుకే ఈ ప్రశ్న మీరు కూడా అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునే డాక్టర్ దగ్గర రెండోసారి ఆలోచించండి.

తర్వాత వచ్చినవి ఏ వీడియోలోనూ సరిగ్గా దొరకని సంగతులు. రివర్స్ కీలు పెట్టాక చెయ్యి ముందుకి, పైకి బాగా వస్తుంది. వెనక్కి, నడుం వెనకాలకి పోవడం చాలామందిలో తగ్గుతుంది. అంటే చొక్కా వెనక దోపుకోవడం, వీపు రుద్దుకోవడం. మీరు అనుకుంటున్నది కూడా. నాన్నది కుడిచెయ్యి కాబట్టి బతికాం, ఎడమదైతే ఈ నిర్ణయం ఇంకో రకంగా ఉండేది. మొదటి నెలల్లో నేల మీద కూర్చుని చెయ్యి ఆన్చి లేవకూడదు. మా ఇంట్లో భోజనం, పేపర్, ముచ్చట్లు అన్నీ నేల మీదే. కుర్చీలోంచి కూడా కుడిచెయ్యి నొక్కి లేవకూడదు. ఆరువారాలు చెయ్యి సంచిలో ఉంటుంది. స్ప్లెండర్ బండికి మూడు నెలలు సెలవు. మా ఊరి నుంచి గురజాలకి ఫిజియోథెరపీకి ఎవరు తీసుకెళ్తారు? దీనికి జవాబు నేను. రెండు నెలలు ఇంటి నుంచి పని చేస్తానని మా మేనేజర్‌ని అడిగాను, ఒప్పుకున్నారు. నెట్‌వర్క్ ఒప్పుకుంటుందా అన్నది ఇంకా తేలాలి.

ఇక ఇంజెక్షన్ గొడవ. సంక్రాంతికి మా ఊళ్ళో టోర్నమెంట్ ఉంటుంది. మాచర్ల నుంచి, దాచేపల్లి నుంచి టీములొస్తాయి. ఒక్క స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుంటే ఆ మూడు రోజులు ఆడేస్తానని నాన్న అప్పటిదాకా మనసులో పెట్టుకున్నాడు. డాక్టర్ వద్దనలేదు. కానీ ఆ ఇంజెక్షన్ తర్వాత కనీసం మూడు నెలలు ఆపరేషన్ చెయ్యనన్నారు, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది కాబట్టి. నాన్న వేళ్ళ మీద లెక్కపెట్టాడు. జనవరిలో వేయించుకుంటే ఏప్రిల్. ఏప్రిల్ నుంచి ఆరువారాలు చెయ్యి ఒంటికి కట్టుకుని ఉండాలి. మా పక్కనే రెంటచింతల. ఎండాకాలం రాష్ట్రంలో ఎక్కువ ఎండ ఎక్కడ కాసిందని వార్తల్లో చెప్పేటప్పుడు మొదట వినబడే పేరు. ఆ ఎండలో, ఆ సంచిలో, కరెంటు పోతే?

"ఇంజెక్షన్ వొద్దులే" అన్నాడు నాన్న. "సంక్రాంతి ప్రతి ఏడూ వస్తది."

ఇంత తేలిగ్గా అన్నాడు కదా అని నేను సంబరపడ్డాను. టోర్నమెంట్ రోజుల్లో ఇంట్లోనే ఉంటాడనుకున్నాను. భోగి రోజు పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని, మెళ్ళో విజిల్‌తో తయారు. రిఫరీ! నెట్ పక్కన ఎత్తు స్టాండ్ ఎక్కి నిలబడతాడట. "చెయ్యి ఆన్చే పనేం లేదుగా" అన్నాడు. స్టాండ్ ఎక్కడానికి ఇద్దరు కుర్రాళ్ళు ఎడమ రెక్క పట్టుకున్నారు. రిఫరీ ఏ వైపు సర్వీసో ఆ వైపు చెయ్యి చాపి చూపించాలి. ఎడమవైపు పాయింటొస్తే సరే. కుడివైపు పాయింటొస్తే ఎడమచేతిని ఛాతీ మీదుగా అడ్డంగా తిప్పి కుడివైపు చూపించేవాడు. మొదటి రోజు కుర్రాళ్ళు నవ్వారు. రెండో రోజుకి అలవాటయ్యారు. మూడో రోజు ఫైనల్లో ఒక టీము కెప్టెన్ టైం అవుట్ అడగడానికి తను కూడా ఎడమచేత్తో మొదలుపెట్టి, నాలుక్కరుచుకున్నాడు.

నేను మూడు రోజులూ గ్రౌండ్‌లోనే ఉన్నాను. ఇరవై ఏళ్ళ బాకీలో ఒక వాయిదా. నాన్న దగ్గర నేర్చుకున్న ఒక ఆటో డ్రైవర్ లిఫ్ట్ ఇస్తుంటే చూశాను. బంతి అతని వేళ్ళ దగ్గర ఆగినట్టే ఉండదు, కానీ ఎక్కడికి పోవాలో అక్కడికి పోతుంది. స్టాండ్ మీద నాన్న విజిల్ నోట్లో పెట్టుకుని, ఆ బంతి లేచినప్పుడల్లా రెండు చేతుల వేళ్ళూ కాస్త విప్పుతున్నాడు. కుడిచెయ్యి ఛాతీ దగ్గరే ఆగిపోతోంది.

ఆపరేషన్ శివరాత్రి వెళ్ళాక. తేదీ ఖాయమైంది. కోటప్పకొండ తిరునాళ్ళ చూసొచ్చాకే అని అమ్మ షరతు. సీటీ స్కాన్ తీశారు, గుండు ఎక్కడ ఏ కోణంలో బిగించాలో ముందే కంప్యూటర్లో చూసుకోవడానికి. క్రియాటినిన్ పరీక్ష కూడా చేశారు. ఇన్నేళ్ళ డైక్లోఫెనాక్ కిడ్నీలని ఏం చేసిందో అని నాకు నిద్ర పట్టలేదు. పర్లేదు, హద్దు లోపలే ఉంది. షుగర్ కొంచెం ఎక్కువుంది, మూడు నెలల సగటు దిగాకే చేస్తామన్నారు, దిగింది. అరిసెలు ఒక్కటే తిన్నాడు. ఇది అమ్మ చెప్పిన లెక్క, నేను పూచీ పడను.

చివరి చీటీలో ఒక మందు చూసి నేనే ఆశ్చర్యపోయాను. బెంజాయిల్ పెరాక్సైడ్. మీలో చాలామంది మొహానికి రాసుకునేదే, మొటిమల మందు. మొటిమలకి కారణమయ్యే బ్యాక్టీరియా భుజం చర్మం లోతుల్లో కూడా ఉంటుందట, భుజం ఆపరేషన్ల తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్లలో ఎక్కువసార్లు దొరికేది అదేనట. మామూలు సబ్బుకీ, ఆపరేషన్ ముందు పూసే మందులకీ పూర్తిగా లొంగదు. అందుకని కొన్ని రోజుల ముందు నుంచి భుజానికి, చంకకి ఈ జెల్ రాయమన్నారు.

నిన్న సాయంత్రం గురజాల మెడికల్ షాపుకి ఇద్దరం వెళ్ళాం. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు నాన్న స్టూడెంటే. చీటీ చూశాడు, నావైపు చూశాడు, నా మొహం వైపు ఇంకాస్త చూశాడు.

"అన్నకా సార్?"

"నాకేరా" అన్నాడు నాన్న. "రెండియ్యి."